ఊరంతా కలిసి చేసిన వైద్యం

1971 జనవరిలో ఫిన్లాండు తూర్పు సరిహద్దు నుంచి ఒక అర్జీ దేశ ప్రభుత్వానికి అందింది. ఉత్తర కరేలియా అనే ప్రాంతం వాళ్ళు పెట్టుకున్న అర్జీ అది. అక్కడి గవర్నర్ ఎసా టిమోనెన్, ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యులు, స్థానిక సంఘాల ప్రతినిధులు దాని మీద సంతకాలు పెట్టారు. వెనకబడిన ప్రాంతం కాబట్టి రోడ్లో ఫ్యాక్టరీలో అడిగి ఉంటారని మనం అనుకుంటాం. వాళ్ళు అడిగింది వేరు. మా మగవాళ్ళు నడివయసు దాటకుండానే గుండెపోటుతో పోతున్నారు, దీన్ని ఆపే దారి చూడండి అని అడిగారు.

కలరా వచ్చినా ప్లేగు వచ్చినా జనం కదులుతారు. ఆ చావులు ఒక్కసారిగా మీద పడతాయి. గుండె జబ్బు అలా రాదు. ఇవాళ ఒక ఇంట్లో, రెండు నెలల తరవాత వీధి చివర ఇంకో ఇంట్లో ఒక మనిషిని తీసుకుపోతుంది. ఎవరింట్లో వాళ్ళు అది తమ తలరాత అనుకుని ఏడ్చి ఊరుకుంటారు. ఉత్తర కరేలియా వాళ్ళు తలరాత అనుకోకుండా అర్జీ రాయగలిగారంటే దాని వెనక ఒక పరిశోధన ఉంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ 1950ల చివర్లో ఏడు దేశాల్లోని నడివయసు మగవాళ్ళ మీద ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ఫిన్లాండులో ఆ పనికి మార్టి కార్వొనెన్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు పూనుకున్నాడు. ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి చూస్తే గుండె జబ్బులో అందరికంటే ముందు తూర్పు ఫిన్లాండు ఉంది. అందరికంటే వెనక గ్రీసు దేశపు క్రీటు ద్వీపం ఉంది. ఇందులో విచిత్రమేమిటంటే తూర్పు ఫిన్లాండు మగవాళ్ళు కుర్చీలో కూర్చుని ఉద్యోగాలు చేసేవాళ్ళు కారు. మంచులో చెట్లు నరికి, దుంగలు లాగి బతికేవాళ్ళు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి గుండె జబ్బు రాదన్న నమ్మకం అక్కడ తలకిందులైంది. ఆ అడవి కూలీలు ఆవిరి స్నానం చేసి వచ్చి ఏం తినేవారో కీస్ రాసిపెట్టాడు: రొట్టె ముక్కంత పెద్ద చీజ్ ముక్క, దాని మీద మందంగా పూసిన వెన్న, పైన బీరు.

అంత వెన్న ఎక్కడిది? రెండో ప్రపంచ యుద్ధంలో కరేలియాలో పెద్ద భాగం సోవియట్ యూనియన్ కిందికి పోయింది. అక్కడి నుంచి తరలివచ్చిన వాళ్ళకూ, యుద్ధం ముగించుకుని వచ్చిన సైనికులకూ ప్రభుత్వం చిన్న చిన్న కమతాలు పంచింది. ఆ చలిలో ఆ నేల మీద బాగా పెరిగేది గడ్డి. గడ్డి ఉంటే ఆవు, ఆవు ఉంటే పాలు, పాలుంటే వెన్న. ఆకలి చూసిన తరం కాబట్టి వెన్న వాళ్ళకు కలిమికి గుర్తు. కూరగాయలంటే పశువుల మేత. రొట్టె మీద వెన్న, కాఫీలో మీగడ, కూరలో కొవ్వు మాంసం, అన్నిటా ఉప్పు. మగవాళ్ళలో సగం మందికి పైగా పొగ తాగేవారు.

వెన్న, ఉప్పు, పొగ ఈ మూడూ కలిసి ఒంట్లో చేసే పని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వెన్నలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే, రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయంలో తగ్గిపోతాయి. దాంతో ఆ కొలెస్టరాల్ రక్తంలోనే తిరుగుతూ ధమనుల గోడల్లోకి దూరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలు మింగి మింగి అక్కడే ఉబ్బి చచ్చిపోతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ ఒక పాచి గడ్డ కడుతుంది. పొగ ధమని లోపలి పొరను గాయపరుస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఉప్పు పెంచిన బీపీ ఆ గోడల్ని రాత్రింబగళ్ళు ఒత్తుతుంది. ఒకరోజు ఆ పాచి పొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది, గుండె కండరానికి రక్తం అందదు. వెన్న, పొగ, ఉప్పు వేటికవే విడిగా చేసే హాని ఒక ఎత్తయితే, మూడూ కలిసి చేసే హాని మరో ఎత్తు. ఉత్తర కరేలియా మగవాళ్ళ సగటు కొలెస్టరాల్ 1972లో లీటరుకు 6.9 మిల్లీమోల్స్. మన ల్యాబు రిపోర్టుల భాషలో చెప్పాలంటే దాదాపు 267. మన దగ్గర 200 దాటితేనే డాక్టరు కళ్ళజోడు సవరించుకుంటాడు. అక్కడ 267 అనేది ఎవరో రోగిది కాదు, మామూలు మగవాళ్ళ సగటు.

1972లో పని మొదలైంది. నాయకత్వం పెక్కా పుస్కా అనే యువ వైద్యుడికి అప్పగించారు. అతనికప్పుడు ముప్పై ఏళ్ళు కూడా లేవు. వైద్యంతో పాటు రాజనీతి శాస్త్రం కూడా చదివినవాడు. ఈ రెండో చదువే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. ఎందుకంటే మొదటి రోజే అతని ముందు ఒక ప్రశ్న నిలబడింది: ఎవరికి వైద్యం చెయ్యాలి? ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్ళను వెతికి పట్టుకుని మందులిస్తే చాలదా?

చాలదు. ఎందుకు చాలదో ఒక ఊహా లెక్కతో చూద్దాం. వెయ్యి మంది పెద్దవాళ్ళున్న ఊళ్ళో వంద మందికి ప్రమాదం బాగా ఎక్కువ అనుకుందాం. వాళ్ళలో నూటికి 15 మందికి గుండెపోటు వస్తుంది, అంటే 15 మంది. మిగతా 900 మందికి ప్రమాదం తక్కువే, నూటికి ముగ్గురికే వస్తుంది. కానీ ఆ ముగ్గురు చొప్పున 27 మంది అవుతారు. ఆ వంద మందినీ వెతికి వెతికి బాగుచేసినా, ఎక్కువ గుండెపోట్లు ‘మాకేం లేదు’ అనుకున్న ఇళ్ళ నుంచే వస్తాయి. 1980లలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జెఫ్రీ రోజ్ ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పాడు. ఉత్తర కరేలియా అంతకంటే ముందే ఆ దారి పట్టింది. వాళ్ళ లక్ష్యం రోగి కాదు, ఆ ప్రాంతంలోని సుమారు 1.8 లక్షల మంది తినే తిండి, తాగే పొగ, వాళ్ళ రక్తపు సగటు.

అలా అనుకున్న మరుక్షణం వైద్యుడి చేతిలో ఏమీ మిగల్లేదు. వెన్న పాల సంఘాలది. సాసేజ్‌లో ఎంత కొవ్వు ఉండాలన్నది మాంసం ఫ్యాక్టరీది. రొట్టెలో ఉప్పు బేకరీది. సిగరెట్టు ధర ఆర్థిక శాఖది. వంట ఇల్లాలిది. మధ్యాహ్న భోజనం బడిది. ఏ మండీకీ, ఏ వంటింటికీ ఆరోగ్య శాఖ యజమాని కాదు. అందువల్ల పుస్కా బృందం ఒక చిన్న కార్యాలయం పెట్టుకుని, మిగతా అందరి పనిలోకీ తమ పనిని చొప్పించే మార్గం వెతికింది.

ముందు నర్సుల్ని కలుపుకున్నారు. కలిసొచ్చిన విషయం ఏమిటంటే, ఫిన్లాండు ప్రాథమిక ఆరోగ్య చట్టం కూడా ఆ 1972లోనే వచ్చింది. మునిసిపాలిటీలు ఆరోగ్య కేంద్రాలు నడపాలని ఆ చట్టం చెప్పింది. కొత్తగా తెరుచుకుంటున్న ఆ కేంద్రాల్లో నర్సులకు బీపీ చూడడం, బీపీ ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసుకోవడం, రానివాళ్ళను గుర్తుపెట్టుకుని పిలిపించడం నేర్పారు. అంతవరకూ డాక్టరు మాత్రమే చేసిన పని నర్సు చేతికి వచ్చింది. దానితోనే వేలమంది లెక్కలోకి వచ్చారు.

తరవాత మార్తా సంఘం. 1899లో పుట్టిన గృహిణుల సంఘం అది, ఊరూరా శాఖలున్నాయి. దీని పని నాకు అన్నిటికంటే ఇష్టం. కరేలియా వాళ్ళకు పండగ వంట అంటే ఒక మాంసం కూర. గొడ్డు మాంసం, పంది మాంసం ముక్కలు కుండలో వేసి, ఉప్పు, మిరియాల్లాంటి గింజలు వేసి, పొయ్యిలో గంటల తరబడి సన్నని సెగ మీద మగ్గనిస్తారు. ఆ కూర తినొద్దని చెబితే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. మార్తా ఆడవాళ్ళు అదే కుండలో మాంసం తగ్గించి, క్యారెట్, బంగాళాదుంప, టర్నిప్ లాంటి దుంపలు వేశారు. సాయంత్రం ఊరివాళ్ళను పిలిచి, కబుర్లు చెబుతూ వండి చూపించి, అక్కడే వడ్డించారు. దీర్ఘాయువు విందులని పేరు పెట్టారు. మామూలు ఇల్లాలు మరో ఇల్లాలికి గరిటె పట్టుకుని చెప్పింది కాబట్టి ఆ వంట ఇళ్ళలోకి వెళ్ళింది. అదే పాఠం కరపత్రంగా పంచి ఉంటే పొయ్యిలోకి వెళ్ళేది.

ప్రతి ఊళ్ళో నలుగురూ మాట వినే మనుషుల్ని ఎంచుకుని వాళ్ళకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. కొట్టు నడిపేవాళ్ళు, సంఘాల్లో తిరిగేవాళ్ళు, ఎవరికైనా కష్టమొస్తే ముందు గుర్తొచ్చేవాళ్ళు. కొత్త అలవాటు సమాజంలో ఎలా పాకుతుందో అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ రాసిన సిద్ధాంతం దీనికి ఆధారం. దుకాణాల్లో, ఆఫీసుల్లో ఇక్కడ పొగ తాగొద్దు అని ప్రాజెక్టు స్టిక్కర్లు వెలిశాయి. సాసేజ్ తయారుచేసేవాళ్ళతో మాట్లాడి కొవ్వు తగ్గించి పుట్టగొడుగులు కలిపిన రకం తెప్పించారు. బేకరీలు ఉప్పు తగ్గించాయి. 1978లో పొగ మానాలనుకునే కొంతమందిని స్టూడియోలో కూర్చోబెట్టి, వారాల తరబడి వాళ్ళ అవస్థను టీవీలో దేశమంతటికీ చూపించారు. ఇంట్లో కూర్చున్న పొగరాయుళ్ళు వాళ్ళతో పాటు మానే ప్రయత్నం చేశారు. తరవాతి కాలంలో ఊళ్ళ మధ్య కొలెస్టరాల్ పోటీలు పెట్టారు. రెండు నెలల గడువులో ఊరి సగటు ఎక్కువ తగ్గించుకున్న ఊరికి బహుమతి. ఒక్కడు ఎంత తగ్గించుకున్నాడన్నది లెక్క కాదు, ఊరి సగటే లెక్క. కాబట్టి పక్కింటివాడి వెన్న గురించి కూడా మాట్లాడక తప్పదు.

ఇదంతా నల్లేరు మీద నడకలా సాగలేదు. పాడి రైతులు భగ్గుమన్నారు. వాళ్ళది మొండితనం కాదు, న్యాయమైన భయం. వెన్న తినొద్దంటే ఆవును ఏం చెయ్యాలి, అప్పు ఎలా తీర్చాలి? పాల పరిశ్రమ ప్రాజెక్టుకు వ్యతిరేకంగా పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. ఈ దశలో చాలా ప్రజారోగ్య కార్యక్రమాలు రైతును శత్రువుగా చూసి ఆగిపోతాయి. పుస్కా బృందం రైతు దగ్గరికి వెళ్ళింది. ఫిన్లాండు వేసవిలో సూర్యుడు దాదాపు అస్తమించడు. ఆ పొడుగాటి వెలుతురులో బెర్రీ పళ్ళు బాగా పండుతాయి. వ్యవసాయ, వాణిజ్య శాఖల్ని ఒప్పించి, 1980ల మధ్యలో బెర్రీ ప్రాజెక్టు మొదలుపెట్టారు. మొక్కలు, శిక్షణ, పళ్ళను గడ్డకట్టించి నిలవచేసే ఏర్పాటు, కొనే మార్కెట్టు అన్నీ చూశారు. కొంతమంది పాడి రైతులు బెర్రీ రైతులయ్యారు.

వెన్నకు బదులు ఏమిటన్నది ఇంకో ప్రశ్న. ఆలివ్ నూనె అక్కడ పండదు, దిగుమతి చేసుకుంటే పేదవాడికి అందదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు మన ఆవాల కుటుంబానికే చెందిన రేప్‌సీడ్‌లో ఆ చలికి తట్టుకునే రకాన్ని రూపొందించారు. ఆ నూనెలో అసంతృప్త కొవ్వు ఎక్కువ. కొన్నేళ్ళలో అది ఫిన్లాండు సొంత నూనె అయింది. పాల ధరను వెన్న శాతాన్ని బట్టి కట్టే పద్ధతి నుంచి మాంసకృత్తుల శాతం వైపు మళ్ళించారు. మన ఊళ్ళో పాల కేంద్రానికి క్యాన్ పట్టుకెళ్ళినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. వెన్న శాతం మీటరులో ఎంత చూపిస్తే చేతికి అంత డబ్బు. రైతు ఏం ఉత్పత్తి చెయ్యాలో ఆ మీటరే నిర్ణయిస్తుంది. దాన్ని మార్చే అధికారం ఏ గుండె వైద్యుడికీ లేదు. 1976లో వచ్చిన పొగాకు చట్టం సిగరెట్ల ప్రకటనల్ని నిషేధించింది. అంతకంటే ముఖ్యంగా, పొగాకు మీద వచ్చే పన్నులో అర శాతాన్ని పొగ మాన్పించే పనికి కేటాయించింది. ఆర్థిక శాఖ ఆ రకంగా జట్టులో చేరింది.

ఫలితాలు చూద్దాం. 1972లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా రొట్టెకు వెన్న పూసుకునేవారు. ముప్పై నలభై ఏళ్ళలో అది వందకు అయిదుగురికి పడిపోయింది. మగవాళ్ళ సగటు కొలెస్టరాల్ 2012 నాటికి 5.4కు, అంటే సుమారు 209కి దిగింది. 35 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళలో గుండె ధమనుల జబ్బు చావులు నాలుగు దశాబ్దాల్లో 80 శాతానికి పైగా తగ్గాయి. అయిదింట నాలుగు చావులు జరగకుండా పోయాయన్నమాట. 1977 తరవాత ఇదే పనిని దేశమంతటికీ పాకించారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాచకూడదు. పోల్చి చూడడానికి పక్కనున్న కుఒపియో ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అక్కడ ప్రాజెక్టు లేదు. అయినా అక్కడ కూడా చావులు తగ్గాయి. అందువల్ల తగ్గుదలలో ఎంత భాగం ప్రాజెక్టుది, ఎంత భాగం కాలంతో వచ్చినదని విమర్శకులు అడిగారు. సబబైన ప్రశ్నే. టీవీకీ, చట్టానికీ, రేప్‌సీడ్ నూనెకూ సరిహద్దులు తెలియవు కాబట్టి మంచి పక్క ప్రాంతానికి కూడా పాకిందని ప్రాజెక్టు వాళ్ళ జవాబు. దీని మీద నిఖార్సైన తీర్పు ఎప్పటికీ రాకపోవచ్చు. కానీ ఒక సంగతిలో వివాదం లేదు. ఫిన్లాండులో గుండె చావుల తగ్గుదలలో పెద్ద వాటా ఆపరేషన్లదీ మందులదీ కాదు, కొలెస్టరాల్, బీపీ, పొగ తగ్గడానిదే. ఊబకాయం మాత్రం అక్కడ కూడా లొంగలేదు, పెరిగింది.

ఇదంతా ఎక్కడో మంచు దేశం కథ అని పక్కన పెట్టే వీలు మనకు లేదు. 2003-04లో గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. ఆ గ్రామాల జనాభా 1,80,162. యాదృచ్ఛికంగా ఉత్తర కరేలియా జనాభా కూడా సుమారు అంతే. ఊళ్ళో ఎవరైనా పోతే శిక్షణ పొందిన కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి, చనిపోయే ముందు లక్షణాలేమిటో ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకునేవారు. వైద్యులు దాన్ని చదివి కారణం నిర్ణయించేవారు. ఒక ఏడాదిలో నమోదైన 1,354 చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటురోగాలవి 12 శాతం. పల్లెల్లో జ్వరాలతో పోతారు, గుండెపోటు పట్నం జబ్బు అన్న అభిప్రాయం ఆ ఒక్క లెక్కతో పటాపంచలైంది. ఆ తరవాత దేశమంతా తిరిగిన ఐసీఎంఆర్ సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం 10.1 కోట్ల మందికి షుగరు, పెద్దవాళ్ళలో 35.5 శాతానికి బీపీ.

మన దగ్గర శాఖలకు కొదవ లేదు. కొదవ కలయికకే. ఉదాహరణకు పొగాకు. ఫిన్లాండు పొగాకు చట్టం చేసిన ఆ 1976లోనే మన గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడింది. అది కేంద్ర వాణిజ్య శాఖ కింద, రైతుకు గిట్టుబాటు, దేశానికి ఎగుమతి చూసే సంస్థ. పొగాకు నియంత్రణ కార్యక్రమం ఆరోగ్య శాఖది. ఒంగోలు వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముకునే రైతు మీద ఈ రెండు శాఖలూ రెండు దిక్కుల నుంచి చెయ్యి వేస్తాయి. ఆకు ఎండబెట్టే బ్యారన్ కట్టడానికి చేసిన అప్పు నెత్తి మీద ఉండగా ఇంకో పంట వెయ్యమంటే వేసేవాడెవరు? పొగాకు నుంచి వేరే పంటలకు మళ్ళే రైతుకు సాయం చేసే పథకం 2015-16 నుంచి ఉంది. కరేలియా బెర్రీ పొలాలకు మన దగ్గర సరితూగేది అదే. అది వ్యవసాయ శాఖ ఫైలులో ఉంది. జిల్లా క్యాన్సరు, గుండె జబ్బుల అధికారి ఆ ఫైలును తనది అనుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళను, వాళ్ళ అంగిట్లో వచ్చే క్యాన్సరును చూసిన వైద్యులెవరూ ఈ రెండు ఫైళ్ళూ వేరని ఒప్పుకోరు.

కలిస్తే ఏమవుతుందో కూడా మన నేల మీదే, ఎవరూ ఉద్దేశించకుండానే, రుజువైంది. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి పల్లెల్లో అంగన్‌వాడీ పథకం దశలవారీగా వస్తోంది. 15 గ్రామాలకు ముందు వచ్చింది, పక్కనున్న 14 గ్రామాలకు అప్పటికింకా రాలేదు. వచ్చిన గ్రామాల్లో గర్భిణులకూ బాలింతలకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండి సోయానూనెతో కలిపి చేసిన ఉప్మా రోజూ పెట్టారు. పిల్లల బరువు పెరగాలన్నదే ఆ ఉప్మా ఉద్దేశం. గుండె మాట ఎవరికీ తోచలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటన్ పరిశోధకులు కలిసి మళ్ళీ ఆ 29 గ్రామాలకు వెళ్ళారు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు మిగతా గ్రామాల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇన్సులిన్‌కు ఒళ్ళు లొంగకపోవడం వాళ్ళలో 20 శాతం తక్కువ. ధమనుల బిరుసు 3.3 శాతం తక్కువ. బీపీలో, కొలెస్టరాల్‌లో తేడా కనిపించలేదు. గ్రామాలను చీటీ వేసి ఎంచలేదు కాబట్టి దీన్ని చివరి మాట అనలేం. అయినా దాని సూచన బలమైనది. తల్లి కడుపులో తిండి చాలని బిడ్డ ఒళ్ళు కరువుకు సిద్ధమై పుడుతుంది. తరవాత పుష్కలంగా తిండి దొరికితే ఆ ఒళ్ళే షుగరుకు లొంగుతుంది. ఆ లెక్కన అంగన్‌వాడీ టీచరు గరిటెతో పెట్టే తిండి ముప్పై ఏళ్ళ తరవాతి షుగరు క్లినిక్కు పనిలో భాగం. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమె గౌరవ వేతనం నిర్ణయించేవాళ్ళకు అసలే చెప్పలేదు.

క్షయ, షుగరు ఇంకో జంట. షుగరు ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. షుగరు అదుపులో లేకపోతే క్షయ మందు సరిగా పనిచెయ్యదు. 2017లో కేంద్రం ఈ రెండు కార్యక్రమాలూ కలిసి పనిచేసే పద్ధతిని ప్రకటించింది. క్షయ రోగికి షుగరు పరీక్ష, షుగరు రోగికి దగ్గు గురించిన ప్రశ్న. ఆశా కార్యకర్త ఇంటింటికీ పట్టుకెళ్ళే సర్వే ఫారంలో ఆ కలయిక కాగితం మీద కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళ నడుము చుట్టుకొలత, పొగ, మందు అలవాటు, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ ఉందా, రెండు వారాలకు మించి దగ్గు ఉందా, నోట్లో పుండు ఉందా, వంట ఏ పొయ్యి మీద, అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉంటాయి. ఆ కాగితం తయారుచేసినవాళ్ళకు దండం పెట్టాలి. చిక్కంతా ఆ తరవాతే. అక్కడి నుంచి బీపీ ఒక రిజిస్టరులోకి, దగ్గు ఇంకో యాప్‌లోకి, గర్భిణి మూడో పుస్తకంలోకి వెళ్తాయి. ఒకే ఇంట్లో ఒకే మనిషి మూడు కార్యక్రమాలకు మూడు పేర్లుగా మిగులుతుంది. రాయడానికే ఆశాకు, ఏఎన్‌ఎంకు పొద్దు చాలదు, ఇక చూడడానికి పొద్దెక్కడిది?

మన దగ్గర సరిగా జరిగినవీ ఉన్నాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 104 బండి నెలకోసారి చెప్పిన రోజుకు ఊరికి వచ్చేది. గర్భిణులను చూసిన ఆ బండే బీపీ, షుగరు మాత్రలు కూడా పంచింది. ఆ రోజు బండి దగ్గర వరుసలో నిలబడ్డ ముసలివాళ్ళు ఒకరి మాత్రల గురించి ఒకరు మాట్లాడుకునేవారు. అదొక వైద్యం. 2017 చివర్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ ప్రయత్నంలో తెలంగాణ మొదటి అయిదు రాష్ట్రాల్లో ఒకటి. రాష్ట్రమంతటికీ ఒకే మందుల వరుస, నెలకు సరిపడా మాత్రలు ఇంటికి దగ్గరి కేంద్రంలో, నర్సు చేతికి బీపీ మిషను, ప్రతి రోగికీ ఒక కార్డు. కరేలియా నర్సుల రిజిస్టరుకు ఇది మన రూపం. 2022లో దీనికి ఐక్యరాజ్య సమితి పురస్కారం కూడా వచ్చింది.

కరేలియా దగ్గరున్నదీ మన దగ్గర ఇంకా లేనిదీ ఒకటుంది: అందరూ కలిసి జవాబు చెప్పుకోవలసిన ఒకే ఒక్క సంఖ్య. అక్కడ ప్రతి అయిదేళ్ళకు జనం నుంచి కొంతమందిని ఎంచి కొలెస్టరాల్, బీపీ, పొగ కొలిచి, ఆ సగటును బహిరంగంగా చెప్పేవారు. ఆ సగటు దిగకపోతే నర్సుకూ, బేకరీకీ, వ్యవసాయ అధికారికీ అందరికీ ప్రశ్నే. మన దగ్గర ప్రతి కార్యక్రమానికీ దాని లక్ష్యం దానికుంది: ఎన్ని ఫారాలు నింపారు, ఎన్ని శిబిరాలు పెట్టారు. జనం ఒంట్లో ఏం మారిందన్నది ఏ శాఖ లక్ష్యమూ కాదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లా ఆరోగ్య సంఘం చట్రం ఇప్పటికే ఉంది. పొగాకు నియంత్రణ కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. ఆ బల్ల చుట్టూ వైద్యాధికారి పక్కన వ్యవసాయం, పాల సంఘం, పౌర సరఫరాలు, విద్య, మహిళా శిశు సంక్షేమం కూర్చోవాలి. జిల్లా సగటు బీపీ ఎంత, పోయినసారి ఎంత అన్న ప్రశ్నతో సమావేశం మొదలవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు.

ఉత్తర కరేలియాలో పని మొదలైంది అర్జీతో, ఆ అర్జీ రాసింది అక్కడి మనుషులు. ఇది చదువుతున్న మీకు ముప్పై దాటి ఉంటే, మీ ఊరి ఉపకేంద్రంలో బీపీ, షుగరు పరీక్ష ఉచితం. వెళ్ళి చేయించుకోండి, వెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళను కూడా తీసుకెళ్ళండి. వచ్చే గ్రామసభలో రోడ్డు, డ్రైనేజీ మాట అయ్యాక లేచి నిలబడి, మన ఊళ్ళో ఎంతమందికి బీపీ ఉంది, వాళ్ళలో ఎంతమందికి అదుపులో ఉంది అని అడగండి. ఆ లెక్క ఏఎన్‌ఎం రిజిస్టరులో ఉంది. అడిగినవాళ్ళకు చెప్పాల్సిందే.